కిరాయి హంతకుల కథ: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల సీమ జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే రకం కథ చుట్టూ తిరిగాయి. డబ్బు తీసుకుని చంపేవాళ్ల మీద నవ్వు పుట్టించే నేరకథ అది. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే కేటాయించాం.

ప్రశ్న: మా 15 నిమిషాల షార్ట్ ఫిల్మ్‌లో ఇద్దరు కిరాయి హంతకులు కర్నూలు నుంచి ప్రొద్దుటూరు వస్తారు. వాళ్లు చేరేలోపే చంపాల్సిన మనిషి గుండెపోటుతో పోతాడు. కథ నోటితో చెబితే అందరూ నవ్వుతున్నారు. స్క్రిప్ట్ చదివితే ఒక్కరూ నవ్వడం లేదు. లోపం ఎక్కడుంది?
– డిగ్రీ విద్యార్థి, ప్రొద్దుటూరు

జవాబు: తాము కామెడీలో ఉన్నామని మీ పాత్రలకు ముందే తెలిసిపోయింది. మీరు పంపిన పేజీల్లో రెండు మాటలకొక పంచ్ పడుతోంది. ఈ తరహా కథలో హంతకుడికి చంపడం ఒక పని, అంతే. కూలికి పోయే మనిషికుండే బాధలే వాడికీ ఉండాలి: అడ్వాన్సు, దారిఖర్చు, వేళకు తిండి, ఫోనెత్తని మేస్త్రీ. మీ కథలో బంగారంలాంటి ప్రశ్న ఒకటుంది. మనిషి తనంతట తానే పోతే, తీసుకున్న 50 వేల అడ్వాన్సు వెనక్కివ్వాలా? దాన్ని 7వ పేజీలో దాచిపెట్టారు. 2వ పేజీకి తీసుకురండి. మాటలు ఇలా నడిస్తే చాలు:

“మనిషి పోయినాడు గదన్నా, పనైపోయినట్లే గదా?”
“మనం చేసినామా?”
“చెయ్యల్యా.”
“మరి?”
“రానుపోను పెట్రోలైతే మందే గదన్నా.”

ఇందులో జోకు లేదు. ఇద్దరూ నిజంగానే దిగులు పడుతున్నారు. నటులకు కూడా అదే చెప్పండి: నవ్వించొద్దు, లెక్క తేల్చుకోండి అని. రిహార్సల్లో ఒకరు నవ్వాపుకోలేకపోతే ఆ మాటను కాస్త మామూలుగా మార్చండి.

ఇంకో ముఖ్యమైన మార్పు. చావింట్లో భార్య ఏడుపును నవ్వుకు వాడుకున్నారు. అది తీసేయండి. ఈ కథలో నవ్వు హంతకుల మీద పడాలి గానీ చచ్చినవాడి ఇంటివాళ్ల మీద పడకూడదు. బదులుగా, మనిషి నిజంగా పోయాడో లేదో చూసేందుకు వాళ్లిద్దరూ లోపలికి వస్తారు. వీధిలోవాళ్లు దూరపు చుట్టాలనుకుంటారు. ఒక పెద్దాయన, “పాడె కట్టేకి మనుషులు తక్కువైనారు, రాండప్పా” అని చేతికి వెదురుబొంగు ఇస్తాడు. చంపడానికొచ్చిన మనిషినే భుజాన మోస్తూ శ్మశానం దాకా నడుస్తారు. దింపుడుకళ్లం దగ్గర ఆనవాయితీగా పోయినవాడి చెవిలో పేరు పెట్టి పిలుస్తారు గదా, అప్పుడు ఇద్దరి ముఖాలూ చూపించండి. ఒకవేళ లేచాడంటే మళ్లీ పని మొదలు. అక్కడ డైలాగ్ అక్కర్లేదు. షాట్‌ను రెండు మూడు సెకన్లు ఎక్కువ నిలపండి.

సుమోలు, నాటుబాంబులు ఈ కథలోకి తేవద్దు. ఫ్యాక్షన్‌లో చంపేవాడికి పగ ఉంటుంది, ఊరుంటుంది, నాయకుడుంటాడు. కిరాయివాడికి ఎదుటిమనిషి ఇంటిపేరు కూడా సరిగ్గా తెలియదు. ఆ తెలియనితనంలోనే మీ నవ్వుంది. పైగా ఫ్యాక్షన్‌లో మనుషులను పోగొట్టుకున్న కుటుంబాలు ఇంకా మన ఊళ్లలోనే ఉన్నాయి.

ప్రశ్న: ‘ఇన్ బ్రూజ్’ చివర్లో నవ్వొచ్చింది, వెంటనే బాధేసింది. ఆ రెండూ ఒకేసారి ఎలా కుదిరాయి?
– అధ్యాపకుడు, కడప

జవాబు: మార్టిన్ మెక్‌డోనా రాసి తీసిన ఆ 2008 సినిమాలో అసలు పనితనం ముగింపులో కాదు, ఆ ముగింపును ఎంత ముందు నాటారన్న దాంట్లో ఉంది. (చూడనివాళ్లు ఈ జవాబు దాటేయండి, కథ మొత్తం చెబుతున్నాం.) రే అనే కిరాయి హంతకుడు ఒక మతగురువును కాలుస్తాడు. తూటా దూసుకెళ్లి వెనకున్న చిన్నపిల్లాడు పోతాడు. అతన్నీ, సీనియర్ కెన్‌నీ బెల్జియంలోని బ్రూజ్ ఊరికి పంపిస్తాడు యజమాని హ్యారీ. పసిపిల్లను చంపినవాడు బతకకూడదన్నది హ్యారీ నియమం. దాన్ని అతను మనసా వాచా నమ్ముతాడు. చివరికి హ్యారీ రేను కాలిస్తే, ఆ తూటాకు స్కూలు పిల్లాడి వేషంలో ఉన్న పొట్టి నటుడు బలవుతాడు. చచ్చింది పిల్లాడేననుకుని హ్యారీ తన నియమం తనకే వర్తింపజేసుకుంటాడు.

లెక్క చూడండి. ఆ నటుడు కథలోకి మొదట్లోనే వచ్చేశాడు, ఊళ్లో ఏదో షూటింగ్ జరుగుతోందన్న సాకుతో. నియమం మధ్యలో తెలిసింది. చివర్లో కొత్తగా వచ్చిందేమీ లేదు, ముందున్నవే ఒకదానికొకటి తగులుకున్నాయి. హ్యారీ పొరబడ్డాడని మనకు తెలుసు, అతనికి తెలియదు. నవ్వు అందుకు. పొరబడినా మాట తప్పలేదు. బాధ అందుకు. మీరు రాసేటప్పుడు కూడా ప్రతి హంతకుడికీ “నేనిది మాత్రం చెయ్యను” అనే ఒక గీత ఇవ్వండి. చివరి సీనులో ఆ గీత మీదే వాణ్ని నిలబెట్టండి.

ప్రశ్న: రక్తం ఇంట్లోనే చేసుకోవాలి. మేం చేసినది కెమెరాలో గులాబీరంగులో కనిపిస్తోంది, చీమలు కూడా పడుతున్నాయి.
– షార్ట్ ఫిల్మ్ బృందం, ఆదోని

జవాబు: కిలో చక్కెరకు అరలీటరు నీళ్లు. మరిగాక అయిదు నిమిషాలుంచి, తీగపాకం రాకముందే దింపండి. లీటరుకు కొంచెం పైన వస్తుంది. పూర్తిగా చల్లారాక మూడు చిన్న చెంచాల ఎర్ర ఫుడ్ కలర్ కలపండి. రెండు చిన్న చెంచాల కోకో పొడిని గోరువెచ్చని నీళ్లలో ఉండల్లేకుండా కలిపి పోయండి. చివర్లో ఆకుపచ్చ ఫుడ్ కలర్ ఒక్క చుక్క. తెల్ల రుమాలు మీద వేసి చూడండి. అంచులు గులాబీగా పాకితే కోకో తక్కువైనట్లు, ఇటుకరంగు కొడితే ఎరుపు తక్కువైనట్లు. మీకు వచ్చిన తేడా మొదటిదే.

చొక్కా మీద గాయానికి 30 మిల్లీలీటర్లు చాలు. నేల మీద అడుగున్నర వెడల్పు మడుగు కావాలంటే 400 దాకా పడుతుంది. చొక్కాకు వాడేదాంట్లో ఒక చెంచా షాంపూ కలిపితే ఉతకడం తేలిక. నోట్లో పెట్టుకునేదాంట్లో మాత్రం షాంపూ పడకూడదు, ఆ సీసా వేరుగా ఉంచి పేరు రాయండి. రంగు చర్మానికి అంటుకుని రెండు రోజులు పోదు కాబట్టి ముందు పలచగా కొబ్బరినూనె రాయండి. ఒకే రకం చొక్కాలు మూడు ఉండాలి. మన ఎండలకు పాకం త్వరగా చెక్కు కడుతుంది, స్ప్రే సీసాతో నీళ్లు చల్లుతూ ఉండండి. చీమలకు మందు ఒక్కటే: షాట్ ఓకే అనగానే తడిగుడ్డతో తుడిచేయడం.

మనవాళ్లు ఎక్కువగా పొరబడేది నేల దగ్గర. నల్ల కడప బండ మీద ఈ రక్తం ఇంజనాయిలు ఒలికినట్లు కనిపిస్తుంది. అక్కడ కోకో సగానికి తగ్గించి, మడుగుకు అవతలి నుంచి లైటు పడేలా పెట్టి, పక్కన ఒక తెల్ల తువ్వాలు ఉంచండి. తువ్వాలు అంచు ఎరుపెక్కితేనే అది రక్తమని కంటికి తెలుస్తుంది. సున్నపు గోడ, పాలిష్ లేని బండ రంగును పీల్చుకుంటాయి. అద్దె ఇల్లయితే ముందు పాలిథీన్ పరచండి.

ప్రశ్న: తుపాకీ సీను ఉంది. సౌండ్ వచ్చే తూటాలు దొరుకుతాయా?
– ఫొటో స్టూడియో ఉద్యోగి, అనంతపురం

జవాబు: వాటి జోలికి పోవద్దు. 1993లో బ్రూస్ లీ కొడుకు బ్రాండన్ లీ సినిమా సెట్లో తుపాకీ దెబ్బ తగిలి చనిపోయాడు. అంతకుముందు వాడిన డమ్మీ తూటా మొన గొట్టంలో ఇరుక్కుంది, తర్వాత పేల్చిన ఖాళీ తూటా (మొన లేకుండా, చప్పుడు కోసం మందుగుండు మాత్రమే నింపినది) దాన్ని బయటికి తోసింది. 2021లో మరో అమెరికన్ సినిమా సెట్లో ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ తుపాకీ పేలి ప్రాణం కోల్పోయింది. పెద్ద యూనిట్లలోనే ఇలా జరిగిందంటే మనం ఇంకెంత జాగ్రత్తగా ఉండాలి!

రబ్బరు లేదా చెక్క డమ్మీ తుపాకీ వాడండి. సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టుకుంటే ట్యూబులైటు మినుకుమినుకు కూడా రాదు. మెరుపు ఎడిటింగ్‌లో ఒక్క ఫ్రేము చాలు. అదే ఫ్రేములో నటుడి ముఖం, పక్క గోడ కూడా వెలగాలి. ఇది మరిచిపోతే మెరుపు స్టిక్కర్ అంటించినట్లు ఉంటుంది. మణికట్టు పైకి ఎగరాలి, నటుడు కళ్లు మూయకూడదు. డమ్మీ అయినా సరే నేరుగా మనిషికి గురిపెట్టించకండి. అడుగు పక్కకు పెట్టిస్తే కెమెరా కోణం కప్పేస్తుంది. పేలిన చప్పుడు తర్వాత ఒక సెకను పాటు అన్ని శబ్దాలూ ఆపి, ముందుగా ఫ్యాను కిర్రుమనడం వినిపించండి. నవ్వొచ్చేది ఆ కిర్రుకే.

స్థానిక పోలీస్ స్టేషన్లో తేదీ, వేళ, చోటు, డమ్మీల ఫొటోలతో ఉత్తరమిచ్చి, అందినట్లు ముద్ర వేయించుకున్న నకలు దగ్గరుంచుకోండి. చుట్టుపక్కల ఇళ్లవాళ్లకు ముందురోజే చెప్పండి. డమ్మీలను బైకు మీద చేత్తో పట్టుకుని తిరగొద్దు. సంచిలో పెట్టి, ఒక్కరి బాధ్యతకే అప్పగించండి.

ప్రశ్న: గండికోటలో తీయొచ్చా?
– జమ్మలమడుగు

జవాబు: కోట పురావస్తు శాఖ రక్షణలో ఉంది, ముందస్తు అనుమతి తప్పనిసరి. లోయ అంచున గాలికి మాటలు రికార్డు కావు. అక్కడ మాటల్లేని సీన్లే పెట్టుకోండి.

ప్రశ్న: హంతకుడు నాటుకోడిని పట్టలేక అవస్థపడే సీను ఉంది. యూట్యూబ్‌కే కదా, అనుమతులు కావాలా?
– బృందం సభ్యురాలు, నంద్యాల రోడ్డు, కర్నూలు

జవాబు: యూట్యూబ్‌కు సెన్సార్ సర్టిఫికెట్ అక్కర్లేదు. థియేటర్లో వేయాలంటే కావాలి, ఇలాంటి కథకు యు/ఎ 16 ప్లస్ లేదా ఎ రావచ్చు. ప్రాణమున్న కోడి తెరమీద ఉంటే సెన్సార్ వాళ్లు జంతు సంక్షేమ బోర్డు పత్రం అడుగుతారు, దానికి షూటింగ్‌కు ముందే దరఖాస్తు చేయాలి. తీశాక పరుగెత్తినా లాభం ఉండదు. ఏ రోజుకైనా పెద్దతెర మీద వేయాలనే ఆశ ఉంటే, కోడిని చూపించకుండా గంప కదలడం, లోపలి నుంచి అరుపు, హంతకుడి ముఖం, ఈ మూడింటితో సీను నడపండి. అరుపు విడిగా రికార్డు చేసుకోండి.