పోస్టరే కదా అని తీసిపారేయకండి

ప్రశ్న: మా అమ్మాయి సముద్ర శాస్త్రంలో పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉంది. విదేశంలో జరిగే ఒక అంతర్జాతీయ సదస్సుకి తన పరిశోధన ఎంపికైంది. అయితే ప్రసంగానికి కాదు, పోస్టర్‌కే. తనతో పాటు చేరిన అబ్బాయికి ఇంకెక్కడో కాన్ఫరెన్స్‌లో ‘ఉత్తమ యువ శాస్త్రవేత్త’ అవార్డు కూడా వచ్చింది. అప్పు చేసైనా పంపమంటారా? ఆ సమయంలో జర్నల్ పేపర్ పూర్తి చేసుకుంటే మేలా? ఇన్నేళ్లు చదివినా గుర్తింపు రాలేదని బెంగగా ఉంది. – ఒక తండ్రి

జవాబు: సదస్సా, పేపరా అని అడిగారు గానీ, మిమ్మల్ని నిద్రపోనివ్వనిది మీరు చివర్లో రాసిన ఆ ఒక్క వాక్యం. ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు. సబ్జెక్టు మారుతుంది, బెంగ మాత్రం అదే. పిల్ల అంత కష్టపడుతోంది, నలుగురికీ చెప్పుకోవడానికి ఏమీ లేదే అని. అందుకే ముందు దాని సంగతి.

ప్రసంగం దక్కినవాళ్లకి వేదిక మీద పావుగంట దొరికితే ఎక్కువ. ప్రశ్నలకు రెండు మూడు నిమిషాలు మిగులుతాయి. పోస్టర్ దగ్గర నిలబడే విద్యార్థికి గంటకు పైగా సమయం ఉంటుంది. పరిశోధనని గ్రాఫులతో, బొమ్మలతో చూపిస్తూ బోర్డుకి పిన్నులు గుచ్చిన పెద్ద కాగితం, దాని పక్కన మీ అమ్మాయి. మెడలో బ్యాడ్జి వేసుకున్న ఒకావిడ దాటిపోతూ లవణీయత (నీటిలో ఉప్పు ఎంతో చెప్పే) గ్రాఫు చూసి ఆగుతుంది. ‘80 మీటర్ల లోతులో ఈ ఒంపేంటి? సెన్సర్ సరిగ్గా కొలుస్తోందో లేదో సరిచూసింది (క్యాలిబ్రేట్ చేసింది) ఎప్పుడు?’ అని అడుగుతుంది. బ్యాడ్జి మీది పేరు, మీ అమ్మాయి చదువుతున్న పేపర్ల మీద ఉన్న పేరే కావచ్చు. జవాబు తెలిస్తే చెబుతుంది, తెలియకపోతే రాసుకుంటుంది. ఆ ఒంపు నీటిలో ఉందా, పరికరంలో ఉందా అన్నది తేలితే థీసిస్‌లో ఒక అధ్యాయం నిలబడుతుంది. ఈ రంగంలో గుర్తింపు మొదలయ్యేది ఇలాగే. ‘ఆ గ్రాఫు వేసిన అమ్మాయి’ అని ఒకరికి గుర్తుండిపోవడం చిన్న విషయం కాదు.

నిర్వాహకులు కూడా పోస్టర్‌ని రెండో తరగతి బండిలా చూడరు. 1902లో పుట్టిన సముద్ర పరిశోధనల అంతర్జాతీయ మండలి ఐసీఈఎస్ తన వార్షిక సదస్సులో ఉత్తమ పోస్టర్‌కి విడిగా బహుమతి ఇస్తుంది. ఉత్తర పసిఫిక్ దేశాల సంస్థ పైసెస్ కూడా యువ శాస్త్రవేత్తల ప్రసంగాలతో పాటు పోస్టర్లనీ గుర్తిస్తుంది. ‘పోస్టరేనా?’ అని మీరు ఆమె ముందు అన్నారేమో నాకు తెలియదు. అని ఉంటే మాత్రం తప్పండీ. పొంగిపోతూ ఇంటికి ఫోన్ చేసిన పిల్ల, ఆ ఒక్క మాటతో తన పని మీద తనే అనుమానం పెంచుకుంటుంది.

ఇక అవార్డుల మోజు. ఇది నాకు ఏమాత్రం నచ్చని ధోరణి, కాబట్టి కాస్త ఎక్కువే చెబుతాను. ఆ అబ్బాయి అవార్డు గురించి నేనేమీ అనను, అది నిజంగా కష్టపడి తెచ్చుకున్నదే కావచ్చు. కానీ పేరులో ‘అంతర్జాతీయ’ అని తగిలించుకుని, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టిన ప్రతివారికీ ఏదో ఒక పురస్కారం పంచే సదస్సులు చాలా తయారయ్యాయి. పంపిన సారాంశం ఒక్కరోజులో ఆమోదం పొందుతుంది. సముద్ర జీవశాస్త్రం, నర్సింగ్, సివిల్ ఇంజనీరింగ్ ఒకే హాల్లో జరుగుతాయి. వక్తలుగా వేసిన పెద్దల్లో కొందరికి తమ పేరు అక్కడుందనే తెలియదు. ఇలాంటి తప్పుడు ప్రచారాలు చేసిన ఒక ప్రచురణ, కాన్ఫరెన్సుల సంస్థ 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని 2019లో అమెరికా ఫెడరల్ కోర్టు ఆదేశించింది. సర్టిఫికెట్ల ఫైలు లావెక్కితే ఉద్యోగం వస్తుందని పిల్లల్ని వీటి చుట్టూ తిప్పే తల్లిదండ్రులూ ఉన్నారు. ఎంపిక కమిటీలో కూర్చునేవాళ్లకి ఏ సదస్సు ఏమిటో బాగా తెలుసు. మీ అమ్మాయిది ఏ రకమో ఒక్క ప్రశ్నతో తేలిపోతుంది: ‘మీ గైడ్‌గానీ, మీరు చదివే పేపర్లు రాసినవాళ్లుగానీ అక్కడికి వెళ్తారా?’

గుర్తింపు ఆలస్యమైందని బాధపడే ముందు మేరీ థార్ప్ గురించి తెలుసుకోండి. ఓడలు కొలిచి తెచ్చిన లోతుల అంకెలతో, 1950ల మొదట్లో అట్లాంటిక్ అడుగు రూపాన్ని గీసిందామె. నడి సముద్రపు పర్వతశ్రేణి మధ్యలో పొడవునా ఒక లోయ కనబడింది. కలిసి పనిచేసిన బ్రూస్ హీజెన్ మొదట అవి ఆడపిల్లల కబుర్లని కొట్టిపారేశాడు. ఆడవాళ్లని పరిశోధన ఓడలు ఎక్కనివ్వని రోజులవి. 1959లో న్యూయార్క్‌లో అంతర్జాతీయ సముద్ర శాస్త్ర మహాసభ జరిగింది. ఆ లోయని నమ్మని ఫ్రెంచ్ సముద్ర అన్వేషకుడు జాక్ కుస్తో, సముద్రం అడుగున కెమెరా లాగించి తీసిన ఫిల్మ్‌ని అక్కడ చూపించాడు. అందులో లోయ ఉంది! అయినా ఆమెకు దక్కాల్సిన గౌరవం చాలాకాలం దక్కలేదు. 20వ శతాబ్దపు గొప్ప పటాల రూపకర్తల్లో ఒకరని అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఆమెను గౌరవించేసరికి 1997 వచ్చింది. అంత ఆలస్యం ఎవరికీ జరగకూడదు. అలాగని రెండో ఏడాదిలోనే అవార్డు రాలేదని లెక్క చూసుకోవడం మీ అమ్మాయికి న్యాయం కాదు.

పేపరా, సదస్సా అన్నదానికి: ఉద్యోగానికి బరువు పేపర్‌దే, సందేహం లేదు. కానీ పోస్టర్ దగ్గర నాలుగు ప్రశ్నలు ఎదుర్కొన్న పేపర్‌ని, జర్నల్ తరఫున దాన్ని పరిశీలించే రివ్యూయర్లు తిప్పి పంపడం తగ్గుతుంది. ఫలితాలు చేతిలో ఉంటే వెళ్లనివ్వండి. ఇంకా డేటా సేకరణలోనే ఉంటే వచ్చేసారి చూసుకోవచ్చు.

అప్పు మాత్రం వద్దు. వర్ధమాన దేశాల శాస్త్రవేత్తలు సదస్సులకు వెళ్లడానికి సముద్ర పరిశోధనల శాస్త్రీయ సంఘం స్కోర్ ప్రయాణ సాయం ఇస్తుంది. దరఖాస్తు సాధారణంగా సదస్సు నిర్వాహకుల ద్వారానే వెళ్తుంది. చాలా పెద్ద సదస్సుల్లో విద్యార్థులకు ఫీజు రాయితీ, వాలంటీర్‌గా పనిచేస్తే మినహాయింపు కూడా ఉంటాయి. వీటి గడువు చాలాసార్లు రిజిస్ట్రేషన్ గడువు కన్నా ముందే ముగిసిపోతుంది, చాలామంది జారిపోయేది అక్కడే. అందుకని ఈ వారమే నిర్వాహకులకు రాయమనండి. గైడ్ సిఫారసు లేఖ అడిగే అవకాశం ఉంది, దాన్ని కూడా ఇప్పుడే తీసుకుని పెట్టుకోమనండి.