ప్రోటాన్ అనే ముందు

తిరుపతి

చిట్టితల్లీ,

సూపర్‌నోవా అవశేషాల (పేలిపోయిన నక్షత్రాల శిథిలాల) నుంచి వచ్చే గామా కిరణాల మీద పీహెచ్‌డీ చేస్తావని మీ నాయన చెప్పాడు. మీ పెద్దమ్మ వీధంతా చాటేసింది. నాకూ గర్వంగానే ఉంది, కానీ రాత్రి నిద్ర పట్టలేదు.

పైథాన్ నేర్చుకో, లాగ్‌బుక్ రాయి. గామా కిరణాలు చూసే ఫెర్మీ అంతరిక్ష టెలిస్కోపు డేటా అందరికీ ఉచితమే, ఇప్పుడే మొదలెట్టు. క్రాబ్ అనే అవశేషాన్ని మాత్రం నీ పట్టికలో కలపొద్దు, అక్కడి వెలుగు పల్సర్ గాలిది, అంటే దాని మధ్యలో గిరగిరా తిరిగే చనిపోయిన నక్షత్రం వెదజల్లే కణాలది.

నా టెన్షన్ వేరే. గామా కనబడగానే ‘కాస్మిక్ కిరణాల పుట్టిల్లు దొరికింది’ అని రాసేస్తావేమోనని. అంతరిక్షం నుంచి దూసుకొచ్చే ఆ కాస్మిక్ కిరణాలు ఎక్కువగా ప్రోటాన్లు; గామా మాత్రం ఎలక్ట్రాన్ల వల్లా పుట్టొచ్చు. ఆర్‌ఎక్స్ జె1713 అనే అవశేషం కథ చదువు. 2002లో ఆస్ట్రేలియాలోని కాంగరూ టెలిస్కోపు బృందం అక్కడ గామా పుట్టిస్తున్నవి ప్రోటాన్లేనని నేచర్ పత్రికలో ప్రకటించింది. నేను సంబరపడి క్లాసులో చదివి వినిపించాను. ఏడాది తిరక్కముందే అభ్యంతరాలు వచ్చాయి: ఆ లెక్క నిజమైతే తక్కువ శక్తుల దగ్గర గామా ఇంకా ఎక్కువ రావాలి, ఎగ్రెట్ అనే పాత ఉపగ్రహ పరికరం చూసింది అంత లేదు. 2011లో ఫెర్మీ కొలిస్తే వర్ణపటం (ఏ శక్తి దగ్గర ఎంత గామా వస్తోందన్న గీత) ఎలక్ట్రాన్లకే ఎక్కువ నప్పింది. వాయువు ముద్దలు ముద్దలుగా ఉంటే ప్రోటాన్లతోనూ అదే ఆకారం రావచ్చని మళ్ళీ కొందరన్నారు. ఆ తగువు ఇంకా తెగలేదు.

ప్రోటాన్ వాయువును గుద్దితే తటస్థ పయాన్ అనే అల్పాయుష్షు కణం పుడుతుంది, అది విరిగి రెండు గామాలవుతుంది. అందుకే 200 ఎంఇవి (మెగా ఎలక్ట్రాన్ వోల్టులు, శక్తి కొలత) కింద వర్ణపటం చప్పున దిగాలి. 2013లో ఐసీ 443, డబ్ల్యూ 44 అనే అవశేషాలలో ఫెర్మీ బృందం చూపించిన ఆనవాలు అదే. చిక్కంతా ఆ తక్కువ శక్తుల దగ్గరే. 100 ఎంఇవి దగ్గర ఫోటాన్ వచ్చిన దిక్కు కొన్ని డిగ్రీల తేడాతోనే తెలుస్తుంది, ఆకాశంలో చంద్రుడి వెడల్పేమో అర డిగ్రీ. పైగా పాలపుంత వాయువంతా అదే తాకిడితో వెలుగుతుంటుంది. ఆ నేపథ్యపు వెలుగు మోడల్ మార్చి మార్చి చూడు, గైడ్ తొందరపెట్టినా సరే.

చిన్నప్పుడు జవాబు ముందే రాసేసి, లెక్క తర్వాత కుదిర్చేదానివి. దొంగపిల్ల! అప్పుడు నవ్వుకున్నాను. ఇప్పుడు అదే నా భయం.

మేస్ గామా టెలిస్కోపు కోసం లడఖ్‌లోని హాన్లే పంపితే, లేహ్‌లో కొన్ని రోజులు ఆగి వెళ్ళు. హాన్లే ఎత్తు 4,200 మీటర్ల పైమాటే. అలిపిరి మెట్లు పరుగున ఎక్కానని ధీమా వద్దు. తలనొప్పి వస్తే దాచకుండా చెప్పు.

డేటాకు గీత కుదిర్చిన మొదటి ఫిట్‌లు నాకు పంపు. గ్రాఫు మీద అక్షరాలు పెద్దవి పెట్టు, కళ్ళు సరిగా ఆనడం లేదు.

మీ పెదనాన్న