నారింజా, కాషాయమా?

ప్రశ్న: రంగులు మనసు మీద చూపే ప్రభావం గురించిన వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. ‘ఆరెంజ్ కలర్ హుషారునిస్తుంది, చూపును ఇట్టే లాగుతుంది’ అన్నచోట ‘కాషాయం’ అని రాశాను. ‘నారింజ రంగు’ బడిపుస్తకం మాటలా, కృతకంగా తోచింది. సంపాదకులు కాషాయం కొట్టేసి ‘ఆరెంజ్’ పెట్టారు. ఏది సరి?

సమాధానం: కొట్టేయడం సరైనదే. ఆరెంజ్ పెట్టడం మాత్రం అనవసరం. నారింజ రంగు అనే రాయండి.

కషాయం అంటే వగరు. బెరడు వంటివి కాచి దించిన రసం కూడా. ఆ రసంలో అద్దిన బట్ట కాషాయం. వ్యాకరణకర్త పాణిని ‘తేన రక్తం రాగాత్’ (4.2.1; ఫలానా రంగుతో అద్దినది అనే అర్థంలో మాట ఎలా ఏర్పడుతుందో చెప్పేది) సూత్రానికి వ్యాఖ్యాతలు చూపే ఉదాహరణ ఇదే. తొలి అక్షరానికి దీర్ఘం వచ్చేసరికి రసం కాస్తా బట్ట అయింది. (మందు కషాయాన్ని ‘కాషాయం’ అని రాసేవాళ్లు తరచూ కనిపిస్తారు. కాషాయం కట్టేది, తాగేది కాదు.) ఆ బట్ట కట్టింది సన్న్యాసులు కాబట్టి మాటకు వైరాగ్యం అంటుకుంది. ‘హుషారునిచ్చే కాషాయం’ అంటే చదివేవారి కళ్లముందు విరాగి గంతులేస్తాడు!

అచ్చతెలుగులో ‘కావి’ ఉంది. దానికి ఎరుపు చేరితే చెంగావి; చెంగలువలో ఉన్న ‘చెన్’ ఇదే. కానీ కావి మట్టిరంగు, మిలమిల లేనిది. ఫోన్‌లో బొమ్మలకు రంగులేసే యాప్ ఉంటే నారింజను ఎంచుకుని వెలుగు ఒక్కటే తగ్గిస్తూ పోండి. కాసేపటికి గోధుమ రంగు తేలుతుంది. రంగు మారలేదు, వెలుగు తగ్గిందంతే. కావికీ నారింజకూ చుట్టరికం దాదాపు అలాంటిదే. మనసుకు మాత్రం అవి రెండూ ఒకటి కావు.

ఇక ఆరెంజ్ పరాయిది, నారింజ మనది అన్న పట్టింపూ నాకు లేదు. నిజానికి రెండూ ఒకే మాట. సంస్కృత నారంగం (దీనికి ద్రావిడ మూలం ఉందని చాలామంది పండితుల ఊహ) పారసీలో నారంగ్, అరబ్బీలో నారంజ్ అయి, ఐరోపా చేరాక ముందున్న నకారాన్ని పోగొట్టుకుంది. ఇంగ్లీషులో పండు పేరు 16వ శతాబ్దం దాకా రంగుకు స్థిరపడలేదు. అందుకే రాబిన్ పిట్ట రొమ్ము నారింజ రంగులో ఉన్నా వాళ్లు దాన్ని ‘ఎర్రరొమ్ము పిట్ట’ అనే పిలిచారు. మనమూ నిప్పునీ సంధ్యనీ ఎర్రన అనే అంటున్నాం కదా. 1969లో బెర్లిన్, కే అనే ఇద్దరు పరిశోధకులు భాషల్లో రంగుల పేర్లు పుట్టే వరుసను ప్రతిపాదించారు. అందులో ఎరుపు ముందువరుసలో ఉంటే, నారింజ చిట్టచివరి జట్టులో ఉంది.

మీకు తోచిన కృతకత్వం ఉత్త భ్రమేమీ కాదు. ఎరుపు ‘ఎర్రటి’ అవుతుంది, తెలుపు ‘తెల్లటి’, నలుపు ‘నల్లటి’. నారింజకు ఆ సదుపాయం లేదు. ‘నారింజటి చొక్కా’ అనలేం. గులాబీ, గోధుమలదీ ఇదే గతి. వస్తువు నుంచి పేరు అరువు తెచ్చుకున్నవి గనుక పక్కన ‘రంగు’ తోడుండాలి. వరుసగా రంగులు చెప్పేటప్పుడు, ‘పసుపు, నారింజ, ఎరుపు’ అన్నట్టు, ఆ తోడు వదిలేయవచ్చు.

వ్యాసంలో ‘ఆకలి పెంచుతుంది’ వంటి మాటలుంటే ‘అంటారు’ అని చేర్చండి. చూపును లాగుతుందన్నది మాత్రం ధైర్యంగా రాయవచ్చు. సముద్రపు నీలానికి ఎదురురంగు కనుకనే లైఫ్ జాకెట్లకు దీన్ని ఎంచుకుంటారు. విమానంలోని బ్లాక్ బాక్స్‌కు పూసేదీ ఈ రంగే, శకలాల మధ్య సులువుగా దొరకాలని. దాన్ని ‘నల్లపెట్టె’ అని తెలుగు చేసి, కిందే నారింజ రంగు పెట్టె ఫొటో వేసిన వార్తలు నేను చూశాను. ఆ మాట మీ వ్యాసంలో వస్తే బ్లాక్ బాక్స్ అనే ఉంచేయండి.