సరుకుల నౌకను కాల్చివేయడం వృథాయేనా?

ప్రశ్న: అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి సరుకులు తీసుకెళ్లే నౌకలను పని పూర్తయ్యాక వాతావరణంలో కాల్చివేస్తారట. అంత ఖర్చుపెట్టి తయారుచేసిన నౌకను కిందికి దించి మళ్లీ వాడుకోవచ్చు కదా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అన్నిటినీ కాల్చివేయరు. నాసా 2008 డిసెంబరులో ఈ రవాణా పనిని రెండు ప్రైవేటు సంస్థలకు అప్పగించింది. వాటిలో స్పేస్‌ఎక్స్‌ వారి డ్రాగన్‌ పారాచూట్లతో సముద్రంలో దిగుతుంది. దానిని బాగుచేసి మళ్లీ పంపుతారు. ఇప్పుడు నార్త్‌రప్‌ గ్రమ్మన్‌ సంస్థ చేతిలో ఉన్న రెండో నౌక సిగ్నస్‌ మాత్రం తిరిగి రాదు. క్షేమంగా దిగాలంటే ఉష్ణకవచం, పారాచూట్లు ఉండాలి, వాటి బరువు మేరకు సరుకు తగ్గించుకోవాలి.

అయినా దీనిని వృథా అనలేము. వ్యోమగాముల రక్త నమూనాల వంటివి సున్నాకు దిగువన 80 డిగ్రీల చలిలో భద్రపరచి ప్రయోగశాలకు చేర్చవలసినవి కాబట్టి అవి డ్రాగన్‌లో వస్తాయి. కానీ తిండి పొట్లాల తొడుగులు, పాడైన పరికరాలు, ఉతికే వీలు లేక వదిలేసిన మాసిన బట్టలు ఎక్కడికి పోవాలి? బయటికి విసిరితే అవీ కక్ష్యలోనే తిరుగుతాయి. అందుకని ఖాళీ అయిన సిగ్నస్‌లో వాటిని కుక్కి పంపిస్తారు. మన వీధిలోకి వచ్చే చెత్తబండి పనే అది, కాకపోతే చెత్తతోపాటు బండి కూడా కాలిపోతుంది.

2022 ఫిబ్రవరి 21న సుమారు 3.8 టన్నుల సరుకుతో వచ్చిన సిగ్నస్‌ను రోబో చేతితో ఒడిసి పట్టినవారు, హైదరాబాదు నుంచి అమెరికా వెళ్లిన ఇంజినీరు కుమారుడు, నాసా వ్యోమగామి రాజా చారి. ఆ నౌక నాలుగు నెలలు అక్కడే ఉండి, జూన్‌లో తన ఇంజనును మండించి కేంద్రం కక్ష్యను కాస్త పైకి జరిపి మరీ సెలవు తీసుకుంది.

కాలిపోయే ముందు కూడా కొన్ని సిగ్నస్‌లకు పని ఉండేది. భారరహిత స్థితిలో పెద్ద మంట ఎలా పాకుతుందో మనుషులున్న చోట పరీక్షించలేరు కాబట్టి, 2016 జూన్‌లో కేంద్రాన్ని విడిచి దూరం వెళ్లిన ఒక సిగ్నస్‌లో, మూసి ఉన్న పెట్టెలో, నూలు, గాజుపీచు కలిపి నేసిన, మీటరుకు కాస్త తక్కువ పొడవున్న బట్టను భూమి మీది నుంచే అంటించారు. మంట చిత్రాలు, కొలతలు వారం రోజులకు పైగా కిందికి తెప్పించుకున్న తరువాతే ఆ నౌకను వాతావరణంలోకి దించారు.