తమ్ముడి కోసం పెరిగిన వ్యాపారం

ఆత్రేయపురం చుట్టుపక్కల పల్లె నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయొద్దన్నారు. సంగతి ఇది. 12 ఏళ్ల క్రితం, చిన్నవాణ్ణి బళ్లో వేశాక, ఇంటి వెనక వసారాలో నాలుగు కుండలతో పూతరేకుల పని మొదలుపెట్టారు. పక్కింటి వదినగారు, వీధి చివరి పిన్నిగారు తోడు. పెళ్లిళ్లకీ ఆషాఢం సారెలకీ ఆర్డరు మీద చేసి ఇచ్చేవారు. మధ్యాహ్నం మూడింటికి పొయ్యి ఆర్పేసి, పిల్లలు బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఉండేవారు. అయిదేళ్ల క్రితం ఉద్యోగం పోయిన తమ్ముడు లెక్కలు చూస్తానంటూ వచ్చాడు. ఇప్పుడు రోడ్డు పక్కన షెడ్డు, 11 కుండలు, రావులపాలెం హైవే షాపులకు సప్లై, చాక్లెట్ రేకులు, డ్రైఫ్రూట్ రేకులు. షాపుల నుంచి రావాల్సింది 3 లక్షల దాకా ఉంది. ఈవిడ ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిదవుతోంది. తమ్ముడు ఇప్పుడు హైదరాబాద్‌లో బ్రాంచి అంటున్నాడు. 18 లక్షల లోను, అక్క ఇంటి కాగితాలు, అక్క హామీ సంతకం. "బ్రాంచి పెట్టమంటారా, లేక ఆ డబ్బుతో ఇక్కడే ప్యాకింగు మిషన్లు కొనమంటారా? మొదట్లో ఉన్న తృప్తి ఇప్పుడు లేదు" అని అడిగారు.

అమ్మా, మీరడిగిన రెంటికీ జవాబు ఒకటే. వద్దు. బ్రాంచీ వద్దు, మిషన్లూ వద్దు. అప్పు మాట ఇక్కడితో వదిలేద్దాం.

మీ నాలుగు పేజీల ఉత్తరంలో మీవారి ప్రస్తావన ఒక్కసారే వచ్చింది, "మావారు ఏమీ అనరు" అని. తమ్ముడి మాట మాత్రం పేజీకి అయిదారుసార్లు వచ్చింది. మూడో పేజీలో కరెంటు బిల్లు గురించి చెబుతూ మధ్యలో ఒక సంగతి రాసి దాటేశారు. షెడ్డులో బియ్యం బస్తాల వెనక, నెయ్యికి బదులు వాడే వనస్పతి డబ్బాలు చూశారు. తమ్ముడు నొచ్చుకుంటాడని అడగలేదు. వాటి మీదున్న గోనెపట్టా మళ్లీ కప్పేసి ఇంటికి వచ్చేశారు. నేను ఉత్తరం చదవడం అక్కడ ఆపి, మళ్లీ మొదటి నుంచి చదివాను.

మీకేం కావాలో తెలియక మీరు నాకు రాయలేదు. మొదటి పేజీ అంతా అదే కదా. జయ బియ్యం నానబెట్టి రుబ్బిన పలచటి పిండిలో గుడ్డ ముంచి, బోర్లించిన కుండ మీద ఒక్కసారి లాగితే చాలు, రేకు విచ్చుకుని లేచొస్తుందని రాశారు. ఎండు కొబ్బరాకు మంట ఎంతుండాలో చేతికే తెలుస్తుందన్నారు. అంత ఇష్టంగా రాసి, కుండ దగ్గర కూర్చుని ఏడాదిన్నర అయిందన్నారు. పొద్దున్నుంచి రాత్రి దాకా ఫోన్లు, బాకీల కోసం బతిమాలడం, అట్టపెట్టెలు రాలేదని తగువులు. ఈ వ్యాపారం మీరు పెట్టినది కాకుండా పోయిందని మీకు తెలుసు. ఎందుకలా పోయిందో తెలిసి కూడా రాయలేకపోయారు.

నాకు అర్థమైనంతవరకు కారణం ఒకటే. ముగ్గురు ఆడవాళ్లు వసారాలో కూర్చుని చేసుకునే పనిలో మీ తమ్ముడు కూర్చోవడానికి కుర్చీ లేదు. పిండి రుబ్బలేడు, రేకు తీయలేడు. అక్క పెట్టే జీతం మీద అక్క వసారాలో ఎన్నాళ్లుంటాడు? అందుకని తనకో కుర్చీ పట్టేంత వ్యాపారం కట్టాడు. షెడ్డు వేయించాడు, బోర్డు రాయించాడు, విజిటింగు కార్డు వేయించుకున్నాడు. అందులో దురాశ ఉందని నేననుకోను. ముప్పై దాటిన మగవాడు, పెళ్లాం, బిడ్డ, అత్తారింట్లో తలెత్తుకుని తిరగాలని ఆరాటం. మీరు ప్రతిసారీ సరే అన్నారు. మార్కెట్టు పెరిగిందని అన్నారా? వాడి మొహం చిన్నబోకుండా ఉండాలని అన్నారు. మీ వ్యాపారం గిరాకీ వల్ల పెరగలేదమ్మా, మొహమాటం వల్ల పెరిగింది.

మీ అమ్మగారు "నాన్న లేని పిల్లాడు, వాడికి నువ్వు తప్ప ఎవరున్నారే" అన్నారని రాశారు. పెద్దావిణ్ణి తప్పు పట్టడం నాకిష్టం లేదు గానీ, ఆ మాట మీ ఇద్దరికీ చెరుపే చేసింది. తండ్రి పోయినప్పుడు వాడికి పందొమ్మిదేళ్లు. అప్పుడా మాట నిజం. ఇప్పుడు వాడే ఒక బిడ్డకు తండ్రి.

ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది, దాచను. తోబుట్టువును కష్టంలో ఆదుకోవడం ధర్మం. మీరు ఆదుకున్నారు, మీ బాకీ తీరిపోయింది. ఆ తర్వాత కూడా లెక్కాపత్రం లేకుండా గల్లా అప్పజెప్పి, ఏం చేసినా అడక్కుండా ఊరుకోవడం ప్రేమ కిందికి రాదు. అది మీ ఆత్మగౌరవాన్నీ తినేస్తుంది, వాడిదీ తినేస్తుంది. సంక్రాంతికి పుట్టింటి తరఫున చీర పెట్టాడని మురిసిపోయి రాశారు. ఆ చీర డబ్బు ఎక్కడిదో వాడికి తెలుసు, మీకూ తెలుసు. తన కష్టార్జితంతో అక్కకి చీర పెట్టాలని ఏ తమ్ముడికి ఉండదు? ఆ అవకాశం వాడికి ఇవ్వండి.

ముందుగా వనస్పతి సంగతి. అది రేపటికి వాయిదా వేసే పని కాదు. ఆహార లైసెన్సు మీ పేరున ఉంది. పెట్టె మీద స్వచ్ఛమైన నెయ్యి అని అచ్చు వేసి లోపల ఇంకోటి పూస్తే, 2006 నాటి ఆహార భద్రత చట్టం కింద తప్పుడు లేబులుకే 3 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. నోటీసు వచ్చేది మీకు, తమ్ముడికి కాదు. చట్టం మాట అలా ఉంచండి. ఆషాఢంలో కొత్త అల్లుడి ఇంటికి సారె పంపేవాళ్లు మీ పెట్టె ఎందుకు కొన్నారు? మీ నెయ్యి వాసన చూసి. ఆ డబ్బాలు షెడ్డు నుంచి బయటికి పంపించేయండి, వాటితో చేసిన సరుకు షాపుల నుంచి వెనక్కి తెప్పించండి. నష్టమొస్తుంది, రానివ్వండి. ఇకమీదట నెయ్యి మీరే కొనాలి. నెయ్యి గిన్నె మీ చేతిలో ఉంటే తక్కిన మాటలు మాట్లాడే ధైర్యం దానంతటదే వస్తుంది.

తర్వాత తమ్ముడితో మాట్లాడండి. అమ్మగారింట్లో వద్దు, మధ్యలో ఆవిడ కన్నీళ్లు వస్తాయి. షెడ్డులో పనివాళ్ల ముందు అసలే వద్దు. మీ వసారాలో, మీరిద్దరే, లెక్కల పుస్తకం ముందు పెట్టుకుని. "ఒరేయ్, నిన్ను పొమ్మనట్లేదు. నా పని నాకు కావాలి, నీ వ్యాపారం నీకుండాలి" అని సూటిగా చెప్పండి. ఆ రెండో ముక్క ఉత్త ఓదార్పుగా మిగిలిపోకూడదు, నిజంగా జరగాలి.

ఎలాగంటే, వాడు మీ సరుకు కొని అమ్ముకునే వ్యాపారి కావాలి. తన పేరున లైసెన్సు, తన బ్యాంకు ఖాతా, తన బోర్డు. మీరు బయటివాళ్లకి ఏ రేటు వేస్తారో వాడికీ అదే రేటు, డబ్బు చేతికొచ్చాకే సరుకు. మరీ మనసొప్పకపోతే మొదటి ఆర్నెల్లు పెట్టెకి అయిదో పదో తగ్గించండి, అరువు మాత్రం ఇవ్వకండి. పెట్టుబడి కావాలంటే చిన్న వ్యాపారాల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన ముద్రా రుణాలు 2015 నుంచి ఉన్నాయి. 10 లక్షల దాకా తాకట్టు అడగరు. వాడి పేరున వాడు పెట్టుకోవాలి. హైదరాబాద్‌లో అమ్ముకుంటానంటే నిక్షేపంగా అమ్ముకోమనండి, రేకు మాత్రం ఇక్కడే తీయాలి. 2023లో ఆత్రేయపురం పూతరేకుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, ఆ పేరు ఈ నేలకి కట్టుబడి ఉంటుంది. అక్కడ కుండ పెట్టి తీసిన రేకుకి ఆ పేరు తగిలించడం కుదరదు. చాక్లెట్ రేకులంటారా, వాడికి నమ్మకముంటే ఉత్త రేకులు మీ దగ్గర కొనుక్కుని వాడే చుట్టించుకుంటాడు.

షాపుల మీదున్న 3 లక్షలు వసూలు చేసే బాధ్యత వాడిదే. అరువిచ్చినవాడే అడగాలి. మీరు ఫోన్లు చేయడం మానేయండి.

మీ వరకు వ్యాపారం ఎంతుండాలన్నది ఆర్డర్లను బట్టి చూసుకోకండి, గడియారాన్ని బట్టి చూసుకోండి. మూడింటికి పొయ్యి ఆరాలి. అప్పటికి ఎన్ని పెట్టెలు తయారైతే అన్నే. అవి నాలుగు కుండల మీదొస్తాయో అయిదు కుండల మీదొస్తాయో మీకు నాకంటే బాగా తెలుసు. మంచి నెయ్యి, మంచి బెల్లం, ఇంటికొచ్చి తీసుకెళ్లే ఖాతాలు, సగం డబ్బు ముందు. రేటు పెంచడానికి వెనకాడకండి, నాణ్యమైన రేకు కోసం పది రూపాయలు ఎక్కువిచ్చే ఇళ్లు మన వైపు ఇంకా చాలా ఉన్నాయి.

షెడ్డులో పనిచేసే ఆడవాళ్లని ఉన్నపళంగా మానిపించకండి. వాళ్ల ఇళ్లు ఆ కూలి మీద నడుస్తున్నాయి. సంక్రాంతి సీజను దాకా ఉంచి, ముందే చెప్పి, ఎవరు మీ దగ్గర ఉంటారో ఎవరు మీ తమ్ముడి దగ్గరికి వెళతారో వాళ్లనే తేల్చుకోనివ్వండి. మొదటి నుంచీ ఉన్న వదినగారూ పిన్నిగారూ మాత్రం మీతోనే ఉండాలి. వాళ్లిద్దరికీ ఈ సంగతి మీ నోటితోనే తెలియాలి.

మీవారు ఏమీ అనరని రాశారు. బావమరిది విషయంలో నోరు తెరిస్తే పుట్టింటి మీద మాటన్నట్టవుతుందని ఆయన ఊరుకుని ఉంటారు. ఆయనకి కోపం లేదని మీరనుకుంటున్నారు. ఒకసారి కూర్చోబెట్టి అడగండి. రాత్రి తొమ్మిదింటి దాకా పిల్లలకి అన్నం పెట్టుకుంటున్న మనిషికి చెప్పుకోవాల్సింది చాలానే ఉంటుంది.

తమ్ముడు అలిగి కార్తీకమాసం విదియ నాడు భోజనానికి రాకపోతే ఎలా అని భయపడుతున్నారు. రాకపోవచ్చు. ఒక ఏడాది రాకపోవచ్చు. మీరే వాళ్లింటికి వెళ్లి, మరదలికి బొట్టు పెట్టి పిలిచి రండి. పిలవడం మానొద్దు, లెక్క తప్పొద్దు.

ఇక ఆ హామీ సంతకం. "పేరుకే అక్కా, కట్టేది నేనే" అన్నాడట. 1872 నాటి కాంట్రాక్టు చట్టం, 128వ సెక్షన్ ప్రకారం హామీదారుకి అప్పు తీసుకున్నవాడితో సమానమైన బాధ్యత ఉంటుంది. వాడు కట్టకపోతే, ముందు వాడినే అడగండి అని బ్యాంకుని ఆపే హక్కు మామూలుగా మీకుండదు. ఆ ఇంట్లో మీ పిల్లలు పెరుగుతున్నారు. వచ్చే వారం సంతకాలకి రమ్మన్నారని రాశారు కదా, వెళ్లకండి. మేనేజరుకి మీరే ఫోన్ చేసి నా హామీ లేదని చెప్పండి, తమ్ముడి చేత చెప్పించకండి. ఇంటి కాగితాలు ఇప్పటికే అక్కడిచ్చి ఉంటే మీవారిని వెంటబెట్టుకుని వెళ్లి తెచ్చేసుకోండి.