కారు చక్రాల నట్లు ఎంత బిగించాలి? టూల్‌కిట్ పానా చాలదా, టార్క్ రెంచ్ కొనాలా?

పంచర్ షాపులో గన్‌తో (నట్లు టర్ర్‌మని తిప్పే యంత్రంతో) బిగించిన నట్టు ఇంటి దగ్గర స్టెప్నీ వేయబోతే కదల్లేదని, పై ప్రశ్న అడిగిన పాఠకుడు రాశారు. పానా, టార్క్ రెంచ్ (మనం పెట్టిన బిగువు రాగానే క్లిక్‌మనే పానా) సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ గన్ సంగతి తేల్చాలి. మన దగ్గర ఊడిపోయే నట్ల కంటే ఊడిరాని నట్లే ఎక్కువ. "గట్టిగా బిగించు బాబూ" అని చెప్పేది మనమే. కుర్రాడు మన తృప్తి కోసం ఇంకో రెండుసార్లు టర్ర్‌మనిపిస్తాడు.

చక్రం కూర్చునే హబ్బు నుంచి బయటికి పొడుచుకొచ్చిన మరల కడ్డీయే స్టడ్డు. నట్టు బిగిసేకొద్దీ స్టడ్డు వెంట్రుకవాసి సాగుతుంది. సాగిన స్టడ్డు వెనక్కి లాగుతుంది కాబట్టి రిమ్ము హబ్బుకు గట్టిగా నొక్కుకుని ఉంటుంది. చక్రాన్ని పట్టి ఉంచేది ఆ నొక్కుడే. అది చాలకపోతే రిమ్ము బండి నడిచేటప్పుడు కొద్దికొద్దిగా జరుగుతూ నట్టును వదులు చేస్తుంది. మరీ ఎక్కువైతే స్టడ్డు పాత పొడవుకు తిరిగి రాదు. మరలు సాగిపోతాయి, పైకి ఏమీ కనపడదు, తర్వాత ఎప్పుడో విప్పబోతే పుటుక్కున తెగుతుంది.

లెక్క ఎంత అంటారా, బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. స్విఫ్ట్ లాంటి మారుతి కార్లకు మోడల్‌ను బట్టి 85 నుంచి 100 న్యూటన్ మీటర్లు (తిప్పే బలానికి, అంటే టార్క్‌కు, కొలత ఇది). హోండాలకు 108, టయోటా కార్లలో చాలావాటికి 103, కొత్త హ్యుందాయ్‌లకు 107 నుంచి 127, ఫోక్స్‌వ్యాగన్ పోలోకు 120. పోలోకు నట్లు ఉండవు, బోల్టులే నేరుగా హబ్బులోకి వెళ్తాయి.

ఇప్పుడు పానా దగ్గరికి వద్దాం. టూల్‌కిట్‌లో ఇచ్చే ఎల్ ఆకారం పానా పిడి సుమారు 25 సెంటీమీటర్లు ఉంటుంది. దాని చివర 40 కిలోల బలంతో లాగితే 98 న్యూటన్ మీటర్లు పడుతుంది. అంటే మామూలు మనిషి నడుం నిలబెట్టి రెండు చేతులతో గట్టిగా లాగితే వచ్చేది దాదాపు సరైన బిగువే. కంపెనీవాళ్లు పానాను అంత పొట్టిగా ఇచ్చింది పిసినారితనంతో కాదు. అదే పానా మీద 70 కిలోల మనిషి ఎక్కి నిలబడితే 172 అవుతుంది. రెండడుగుల పైపు తొడిగి దాని చివర అదే బరువు వేస్తే 400 దాటుతుంది. అంత బలానికి 12 మిల్లీమీటర్ల స్టడ్డు ఎలా ఓర్చుకుంటుంది?

పానా మీద ఎక్కి తొక్కే అలవాటు లారీల నుంచి వచ్చిందే. పది స్టడ్డుల పెద్ద లారీ చక్రానికి 600 దాకా కావాలి, అక్కడ ఎక్కి నిలబడటంలో అర్థం ఉంది. హైవే పక్క షాపులో అదే చెయ్యి, అదే గన్ లారీ తర్వాత మీ చిన్న కారు మీదికి వస్తుంది. తేడా అక్కడ వస్తుంది.

గన్ చేసే అసలు పాపం ఎక్కువ బిగించడం కూడా కాదు, నట్టును మొదటి మర నుంచే గన్‌తో ఎక్కించడం. వేళ్లతో తిప్పితే నట్టు తిన్నగా పడిందో లేదో వేలికే తెలుస్తుంది. తిన్నగా పడితే నాలుగైదు చుట్లు నూనె రాసినట్టు జారుతుంది. వంకరగా పడితే రెండో చుట్టుకే పట్టేస్తుంది, చెయ్యి ఆగిపోతుంది. గన్ ఆగదు. నట్టు మర, స్టడ్డు మర మీదికి అడ్డంగా ఎక్కి దాన్ని కోసుకుంటూ పోతుంది. నట్టు ముందుకెళ్తూనే ఉంటుంది కాబట్టి చూసేవాళ్లకు అంతా సవ్యంగానే ఉన్నట్టు కనిపిస్తుంది. తర్వాత విప్పితే నట్టు లోపల తీగలా మెలికలు తిరిగిన ఇనుప పొట్టు రాలుతుంది. స్టడ్డు మొదట్లో మూడు నాలుగు మరలు నున్నగా అరిగి మెరుస్తుంటాయి. ఇక స్టడ్డూ నట్టూ రెండూ మార్చాల్సిందే. ట్యాప్ (మరలు కోసే పనిముట్టు) పెట్టి సరిచేస్తామంటే ఒప్పుకోకండి, కోసుకుపోయిన లోహం తిరిగి రాదు.

ఇదే నష్టం నట్లు తారుమారైనా జరుగుతుంది. మారుతి స్టడ్డు మర ఎం12×1.25, అంటే లావు 12 మిల్లీమీటర్లు, మరకూ మరకూ దూరం 1.25. టయోటా, హోండా, హ్యుందాయ్‌లది ఎం12×1.5. లావు ఒకటే కావడంతో ఒకదాని నట్టు ఇంకోదానికి ఒకటి రెండు చుట్లు పట్టి, అక్కడ బిగుసుకుంటుంది. షాపులో డబ్బాలో కలిసిపోయిన పాత నట్లు తీసి వేస్తుంటే ఒక్క క్షణం ఆపి చూడండి.

చక్రం మార్చేటప్పుడు వరస ఇది. హ్యాండ్‌బ్రేక్ వేసి, గేర్లో పెట్టి, ఎదురు మూల చక్రానికి రాయి అడ్డం పెట్టండి. చక్రం నేల మీద ఉండగానే ప్రతి నట్టునూ అర చుట్టు వదులు చేసి, ఆ తర్వాతే జాకీ ఎత్తండి. గాల్లో ఉన్న చక్రం మీద బలం పెడితే జాకీ పక్కకు ఒరుగుతుంది. రిమ్ము తీశాక హబ్బు ముఖాన్ని, రిమ్ము వెనక భాగాన్ని వైర్ బ్రష్‌తో రుద్దండి. విశాఖ, కాకినాడ వైపు ఉప్పుగాలికి అక్కడ తుప్పు పొరలు కడుతుంది. ఆ పొర మధ్యలో ఉండగా బిగిస్తే, బండి నడిచాక పొర నలిగి బిగువు తగ్గుతుంది. మరలకు నూనె, గ్రీజు వద్దు. రాపిడి తగ్గితే అదే టార్క్‌కు స్టడ్డు చాలా ఎక్కువ సాగుతుంది, పుస్తకంలోని అంకె పొడి మరల కోసం. అంతగా రాయాలనుంటే హబ్బు మధ్యలో రిమ్ము కూర్చునే అంచుకు సన్నగా రాయండి, విప్పేటప్పుడు రిమ్ము అతుక్కోదు.

నట్లన్నీ వేళ్లతో ఎక్కించి, పానాతో రిమ్ము ఆనేదాకా బిగించి, చక్రం నేలకు తగిలేలా దించి, అప్పుడు పూర్తి బిగువు ఇవ్వండి. నాలుగు నట్లుంటే ఎదురెదురువి, అయిదుంటే ఒకటి వదిలి ఒకటి, నక్షత్రం గీసినట్టు. వరసగా గుండ్రంగా బిగిస్తే రిమ్ము ఒక పక్కకు కూర్చుంటుంది. హడావుడిగా, ఎక్కువతక్కువగా బిగించినా బ్రేక్ డిస్కు సూక్ష్మంగా వంగుతుంది. కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత బ్రేక్ తొక్కితే పెడల్ వణుకుతుంది. అప్పుడు మెకానిక్ డిస్కు మార్చమంటాడు, గన్ పేరు ఎవరూ ఎత్తరు. 80 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి చూడండి. అల్లాయ్‌లకు ఇది తప్పనిసరి.

అల్లాయ్ అంటే గుర్తొచ్చింది. హోండా కంపెనీ నట్టు అడుగు గుండ్రంగా బంతిలా ఉంటుంది. బయట అమ్మే అల్లాయ్‌లకు ఎక్కువగా 60 డిగ్రీల శంకువు ఆకారం కావాలి. పాత నట్లే వేసి పంపించే షాపులు బోలెడు. అలా వేస్తే నట్టు రిమ్ము రంధ్రంలో సన్నని గీత మీదే ఆనుతుంది, టార్క్ రెంచ్ క్లిక్‌మన్నా ఉపయోగం లేదు.

రెంచ్ కొనేవాళ్లు అరంగుళం డ్రైవ్, 40 నుంచి 210 న్యూటన్ మీటర్ల క్లిక్ రకం తీసుకోండి. రెండు మూడు వేలకు దొరుకుతుంది. మీ నట్టు సైజు డీప్ సాకెట్ కూడా కావాలి: మారుతి, హోండాలకు 19, హ్యుందాయ్‌కి 21. పిడి మధ్యలో పట్టుకుని, నిదానంగా, కుదుపు లేకుండా లాగండి. ఒక్క క్లిక్ వినగానే ఆపండి. ఇంకోసారి క్లిక్‌మనిపిస్తే బిగువు పెరుగుతుంది. దానితో నట్లు విప్పకూడదు, విప్పడానికి ప్లస్ పానా ఉంది. పని అయ్యాక స్కేలు అట్టడుగు అంకెకు తిప్పి పెట్టకపోతే లోపలి స్ప్రింగు బలహీనపడి కొలత తప్పుతుంది.

కొనే ఉద్దేశం లేకపోతే షాపులో ఒక్కటే అడగండి: గన్‌తో విప్పుకోమనండి, బిగించడం చేతి పానాతో చేయమనండి. మొహం చిట్లిస్తాడు, పరవాలేదు. దొంగతనం కాకుండా లాక్ నట్టు వేయించి ఉంటే దాని తాళం సాకెట్‌కు గన్ అసలు తగలనివ్వకండి, లోపలి గాట్లు విరిగితే ఆ నట్టు విప్పడానికి డ్రిల్లు తప్ప దారి ఉండదు. ఆ సాకెట్ ఇంట్లో బీరువాలో కాదు, స్టెప్నీ పక్కనే ఉండాలి.