కారులో వైర్‌లెస్ సెట్టు, స్కానర్ బిగించుకోవచ్చా?

ప్రశ్న: మాది నల్గొండ. ఏటా కార్తీకంలో రెండు బండ్లలో శ్రీశైలం వెళ్తాం. ముందు బండిలో నేను, మా ఆవిడ, పిల్లలు. వెనక బండిలో మా తమ్ముడు, అమ్మానాన్న. మన్ననూరు దాటాక అడవిలో చాలాచోట్ల సెల్ సిగ్నల్ అందదు. పోయినసారి వెనక బండి ఆగిపోతే మాకు చాలాసేపటి దాకా తెలియనే లేదు. డాలస్‌లో ఉండే మా బావమరిది వాళ్ల కారులో ఉన్నలాంటి వైర్‌లెస్ సెట్లు రెండు, ఒక స్కానర్ పంపిస్తానంటున్నాడు. అక్కడ 35 డాలర్లు కట్టి లైసెన్సు తీసుకుంటే ఇంటిల్లిపాదీ వాడుకోవచ్చట. స్కానర్‌లో పోలీసుల మాటలు వినిపిస్తాయి కాబట్టి ముందు రోడ్డు మీద ఏం జరిగిందో తెలుస్తుందట. ఇవిగాక, 'లైసెన్సు అక్కర్లేదు' అని రాసి ఉంటే ఆన్‌లైన్‌లో రెండు వాకీటాకీలు నేనే ఇప్పటికే కొన్నాను. వీటిని మా ఇన్నోవాలో బిగించుకోవచ్చా? సొంత అవసరానికే కదా, తప్పవుతుందా?

జవాబు: అమెరికా సెట్లు పంపవద్దని మీ బావమరిదికి చెప్పండి. స్కానర్ అసలే వద్దు. మీరు కొన్న వాకీటాకీలను, నేను కింద చెప్పిన సంగతులు సరిచూసుకునే దాకా బ్యాటరీ తీసి పక్కన పెట్టండి. వృద్ధులైన తల్లిదండ్రులు అడవి దారిలో వెనక బండిలో ఉన్నప్పుడు మీ ఆందోళన సహజం. దానికి చట్టం ఒప్పుకునే దారి ఉంది, అదీ చెబుతాను. ముందు ఎందుకు వద్దంటున్నానో వినండి.

'సొంత అవసరానికే కదా' అన్న మాట దగ్గరే మనవాళ్లలో చాలామంది పొరపడుతున్నారు. సెల్‌ఫోన్ కొన్నట్టే వైర్‌లెస్ సెట్టూ కొనుక్కోవచ్చనుకుంటారు. మన చట్టం అలా చూడదు. 1933 నాటి ఇండియన్ వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం 3వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరాన్ని దగ్గర ఉంచుకోవడమే నేరం. దాంట్లో మాట్లాడారా లేదా, ఎవరికైనా నష్టం జరిగిందా లేదా అన్నది తర్వాతి సంగతి. పూర్వం ఇంట్లో రేడియో పెట్టుకున్నా పోస్టాఫీసుకు వెళ్లి లైసెన్సు రుసుము కట్టి రావాల్సి వచ్చేదని మీ నాన్నగారిని అడిగితే చెబుతారు. పాటలు వినే రేడియోకు ఆ బాధ పోయింది. మాటలు పంపే యంత్రానికి పోలేదు. అలాంటి ట్రాన్స్‌మిటర్‌ను అనుమతి లేకుండా ఉంచుకుంటే 6వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 'వెయ్యి రూపాయలేగా' అని నా దగ్గర తేలిగ్గా మాట్లాడినవాళ్లున్నారు. జైలు మాట అదే వాక్యంలో ఉందని మరిచిపోకండి. పరికరాన్ని జప్తు చేయమని కోర్టు ఆదేశించవచ్చు కూడా.

ఆ పాత చట్టం స్థానంలోకి 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం దశలవారీగా వస్తోంది. అనుమతి లేని పరికరాన్ని ఊరికే ఉంచుకోవడాన్ని కొత్త చట్టం జరిమానాతో సరిపెట్టే తప్పుగా చూస్తుంది. ఆ మేరకు ఊరట ఉన్నట్టే. అయితే అనుమతో మినహాయింపో ఉండి తీరాలన్న నియమం మాత్రం రెండింటిలోనూ ఒకటే. మీ మీద కేసు పెట్టాల్సి వస్తే ఆ రోజుకు అమల్లో ఉన్న సెక్షన్ ఏదైతే దాని కింద పెడతారు.

ఇక మీ బావమరిది చెప్పిన సంగతి. ఆయన అబద్ధం చెప్పలేదు. అమెరికాలో జీఎంఆర్‌ఎస్ అనే సర్వీసు ఉంది. పరీక్ష లేదు. 35 డాలర్లు కడితే పదేళ్ల లైసెన్సు వస్తుంది, దాని మీద కుటుంబ సభ్యులంతా మాట్లాడుకోవచ్చు. కారులో బిగించే సెట్టు కొన్ని చానళ్లలో 50 వాట్ల దాకా పనిచేస్తుంది. కానీ ఆ లైసెన్సు ఇచ్చేది అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ. దాని మాట మన గడ్డ మీద చెల్లదు. పైగా ఆ సెట్లు పనిచేసే 462, 467 మెగాహెర్ట్జ్ మన దేశంలో కుటుంబాలకు వదిలిన పరిధి కాదు, అనుమతి పొందిన సంస్థలకు కేటాయించే పరిధిలో ఉంటుంది. మీరు ఘాట్ రోడ్డు మీద 'అమ్మ బాగానే ఉందా' అని అడిగిన మాట ఇంకెవరి అత్యవసర సంభాషణకో అడ్డం పడవచ్చు. ఇవన్నీ అటుంచి, అసలు దేశంలోకి తేవడమే కష్టం. టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం అనుమతి లేకుండా ఇలాంటి సెట్ల దిగుమతి కుదరదు. ఎవరి పెట్టెలోనో పెట్టి పంపితే, కస్టమ్స్‌వాళ్లు పట్టుకున్నప్పుడు జవాబు చెప్పుకోవాల్సింది ఆ పెట్టె మోసుకొచ్చిన మనిషి. ఏ పాపం ఎరగని చుట్టాన్ని ఆ ఇబ్బందిలోకి నెట్టకండి.

స్కానర్ గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. 'మేం మాట్లాడం, వింటాం అంతే' అంటే నడవదు. 1933 చట్టంలో మాటలు పంపే యంత్రమే కాదు, అందుకునే యంత్రం కూడా వైర్‌లెస్ పరికరమే. శిక్షలో తేడా ఉంది గానీ అనుమతి అవసరంలో తేడా లేదు. ఇక దాంతో పోలీసుల సంభాషణ వింటే వ్యవహారం మరో మెట్టు ఎక్కుతుంది. 2023 చట్టం 42వ సెక్షన్ 2024 జూన్ 26 నుంచి అమల్లో ఉంది. చట్టవిరుద్ధంగా సందేశాలను అడ్డగించి తెలుసుకుంటే దాని కింద మూడేళ్ల దాకా జైలు, లేదా రెండు కోట్ల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. గాలిలో వచ్చే మాటను విన్నంత మాత్రాన అది అడ్డగించడం అవుతుందా అని కోర్టులో వాదించవచ్చు. వాదించడానికి నేను వెనకాడను. కానీ ఆ వాదన తేలే దాకా వాయిదాలకు తిరగాల్సింది మీరు. ముందు రోడ్డు ఎలా ఉందో తెలుసుకోవడానికి అంత మూల్యం చెల్లించకండి. అమెరికాలో కూడా ఇది అన్నిచోట్లా ఒకేలా లేదు. పోలీసుల మాటలు వినే రిసీవర్‌ను అనుమతి లేకుండా కారులో అమర్చడాన్ని న్యూయార్క్ రాష్ట్ర వాహన చట్టం నిషేధించింది. అక్కడ హామ్ లైసెన్సు, అంటే అభిరుచి కొద్దీ వైర్‌లెస్‌లో మాట్లాడుకునేవాళ్లకు ఇచ్చే లైసెన్సు, ఉన్నవాళ్లకు మినహాయింపు. మీ బావమరిది రాష్ట్రం దాటి కారులో వెళ్లేటప్పుడు ఆయనకూ ఇది పనికొచ్చే మాటే.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న వాకీటాకీలు. నిజంగానే లైసెన్సు అక్కర్లేని పరిధి ఒకటి మనకుంది: 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్. 2018 అక్టోబరులో వచ్చిన నిబంధనలు ఆ పరిధిలోని తక్కువ శక్తి గల, తక్కువ దూరం పనిచేసే సెట్లకు లైసెన్సు మినహాయింపు ఇచ్చాయి. దాంతోపాటు ఆ మోడల్‌కు ఈటీఏ, అంటే ఈక్విప్‌మెంట్ టైప్ అప్రూవల్ అనే ధ్రువీకరణ ఉండాలి. ఈ రెండూ ఉంటేనే 'లైసెన్సు అక్కర్లేదు' అన్న మాట నిజం.

మీ సెట్టు పెట్టె మీద, లేదా దానితో వచ్చిన పుస్తకంలో ఫ్రీక్వెన్సీ ఎంతని ఉందో చూడండి. 136 నుంచి 174, 400 నుంచి 520 అని ఉంటే అది మినహాయింపులోకి రాదు. ఆ వెడల్పాటి పరిధిలో పోలీసులు, ఓడలు, ప్రైవేటు సంస్థలు వాడుకునే ఫ్రీక్వెన్సీలెన్నో ఉన్నాయి. 'నేను 446 మీదే పెట్టుకుంటాను కదా' అని అడుగుతారు. మినహాయింపు ఆ పరిధికి కట్టుబడి, తక్కువ శక్తితో పనిచేసే పరికరానికి ఇచ్చింది. తిప్పితే ఎక్కడికైనా పోగల పరికరాన్ని మీరు ఏ చానల్‌లో పెట్టుకున్నారని చెక్‌పోస్టు దగ్గర ఎవరూ విచారించరు. ఆ యంత్రం ఏం చేయగలదన్నదే చూస్తారు.

మీరొక్కరే మోసపోలేదు. ఆన్‌లైన్ అంగళ్లలో ఇలాంటి సెట్లు ఫ్రీక్వెన్సీ వివరం, లైసెన్సు సంగతి, ఈటీఏ ఏదీ చెప్పకుండా అమ్ముడుపోతున్నాయని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2025 మే నెలలో 13 ఈ-కామర్స్ సంస్థలకు నోటీసులిచ్చింది. అదే నెలాఖరుకు ఈ అమ్మకాల మీద ప్రత్యేకంగా మార్గదర్శకాలు కూడా వచ్చాయి. కాబట్టి మీ సెట్లు మినహాయింపులోకి రానివని తేలితే అమ్మినవాళ్లకు రాతపూర్వకంగా రాసి డబ్బు వాపసు అడగండి. 'లైసెన్సు అక్కర్లేదు' అన్న ప్రకటన ఫొటో, బిల్లు జాగ్రత్త చేయండి. వాళ్లు పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ఒక్కటి మాత్రం చేయకండి: వాటిని ఇంకొకరికి అమ్మడం. ఈ సెట్ల వ్యాపారానికి డీలర్ లైసెన్సు వేరే ఉంటుంది. అది లేకుండా అమ్మితే తప్పు రెండింతలవుతుంది.

మరి అమ్మానాన్నలతో మాట్లాడేదెలా? ఈటీఏ ఉన్న 446 సెట్లు రెండు కొనండి. ఏరియల్ సెట్టుకే అతికి ఉన్న చిన్నవి. వాటిని విప్పి పెద్ద ఏరియల్ తగిలించకండి, కారు పైకప్పు మీదకు తీగ లాగకండి. ఏమాత్రం మార్చినా మినహాయింపు పోతుంది. 27 మెగాహెర్ట్జ్ దగ్గరి సిటిజన్ బ్యాండ్‌కు కూడా మినహాయింపు ఉంది గానీ అక్కడా 5 వాట్లు దాటకూడదు, ఏరియల్ సెట్టులోనే ఇమిడి ఉండాలి. కొండ మలుపుల్లో ఈ సెట్ల మాట ఎంతో దూరం పోదు. అందుకని రెండు బండ్లూ ఒకదానికొకటి కనిపించేంత దూరంలో నడపండి. మన్ననూరు, వటవర్లపల్లి, దోమలపెంటల దగ్గర ఒకరి కోసం ఒకరు ఆగాలని ముందే అనుకోండి. పులుల అభయారణ్యం కాబట్టి మధ్యలో ఎక్కడపడితే అక్కడ ఆగనివ్వరు, రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా ఆ దారిలో బండ్లను వదలరు. సెట్ల బిల్లు, ఈటీఏ కాగితం నకలు బండి కాగితాలతోపాటు పెట్టుకోండి. పోలీసులో అటవీ సిబ్బందో అడిగితే దాచకుండా చూపించండి. అడవి దారిలో వైర్‌లెస్ సెట్టు కనిపిస్తే వేటగాళ్లేమోనన్న అనుమానం వాళ్లకు రావడంలో తప్పు లేదు.

ఇంకో ముఖ్యమైన మాట. సెట్టు లైసెన్సు అక్కర్లేనిదైనా, బండి నడిపే మనిషి దాన్ని చేతిలో పట్టుకుని మాట్లాడకూడదు. మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ 2019 సవరణ తర్వాత ఫోన్‌ను మాత్రమే అనడం లేదు, చేతిలో పట్టుకునే సమాచార పరికరాలన్నిటినీ అంటోంది. మొదటిసారికే వెయ్యి నుంచి ఐదు వేల రూపాయల దాకా జరిమానా పడవచ్చు, జైలుకూ వీలుంది. ఘాట్ రోడ్డు మీద అసలు భయం జరిమానా కాదు, లోయ. సెట్టు మీ ఆవిడ చేతికివ్వండి, వెనక బండిలో మీ నాన్నగారి చేతికివ్వండి.

పైకప్పు మీద ఏరియల్‌తో దూరం మాట్లాడే సెట్టే కావాలన్న మక్కువ మీకుంటే దానికి గౌరవప్రదమైన దారి హామ్ రేడియో. 12 ఏళ్లు నిండినవాళ్లెవరైనా పరీక్ష రాయవచ్చు. రిస్ట్రిక్టెడ్, జనరల్ అని రెండు తరగతులు. జనరల్‌కు మోర్స్, అంటే చుక్కలు, గీతలతో సందేశం పంపే సంకేత భాష, కూడా రావాలి. హైదరాబాద్ సోమాజిగూడలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఎన్నో ఏళ్లుగా శిక్షణ ఇస్తోంది. లైసెన్సు వస్తే మీకంటూ వీయూతో మొదలయ్యే పిలుపు సంకేతం వస్తుంది. తుపానుల్లో ఫోన్లన్నీ మూగబోయినప్పుడు ఈ హామ్‌ల సేవ ఎంత విలువైందో కోస్తా జిల్లాలవాళ్లకు చెప్పనక్కర్లేదు. మీ పిల్లలతో కలిసి రాయండని మనస్ఫూర్తిగా చెబుతాను. అయితే ఇది అమెరికా కుటుంబ లైసెన్సులాంటిది కాదు, మనిషికి ఇచ్చేది. మీకుంటే మీరే మాట్లాడాలి, మీ తమ్ముడు మాట్లాడాలంటే ఆయనకూ లైసెన్సు ఉండాలి. వ్యాపార సంభాషణకు వాడకూడదు. కారులో బిగించే ముందు మీ లైసెన్సు వాహనంలో వాడకానికి వర్తిస్తుందో లేదో డబ్ల్యూపీసీని రాతపూర్వకంగా అడిగి, వచ్చిన జవాబు బండిలో పెట్టుకోండి.

చివరగా మీరు అడగనిదే అయినా చెప్పాలి. ఇవన్నీ కుదరవంటే మీ బావమరిది ప్రేమకొద్దీ ఉపగ్రహంతో సందేశాలు పంపే చిన్న పరికరమో, శాటిలైట్ ఫోనో పంపిస్తాననవచ్చు. థురయా, ఇరిడియం ఫోన్లు టెలికాం శాఖ అనుమతి లేకుండా మన దేశంలో దగ్గర ఉంచుకోవడానికి లేదు. 2024 డిసెంబరులో గోవా విమానాశ్రయంలో ఒక విదేశీ పర్యాటకురాలిని, కొండలెక్కేవాళ్లు వాడే గార్మిన్ ఇన్‌రీచ్ పరికరం బ్యాగులో ఉందని ఆపి కేసు పెట్టారు. అలాంటిదేదీ పంపవద్దని, ఎవరి చేతా పంపించవద్దని ఆయనకు ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి.